తొందరపడ్డవారికి ఒక కౌంటర్, ఆలస్యమైనవారికి ఒకటి

భూమ్మీద ప్రతి పనికీ ఒక మంచి సమయం ఉంటుంది, అద్దె ఇల్లు వెతకడానికి తప్ప.

టైలర్‌కి ఈ సత్యం ఎవరూ చెప్పలేదు. అగ్రిమెంటు అయిపోగానే ఖాళీ చెయ్యమని ఓనరు కబురు పెట్టాడు, మా అబ్బాయి వచ్చి ఉంటాడని. ఇంట్లో భార్య, మంచం దిగలేని తల్లి, ముందుగదిలో అన్నం పెట్టే కుట్టుమిషను. ముగ్గురినీ (మిషను కూడా మనిషి కిందే లెక్క) రోడ్డు మీద పెట్టలేడు కదా.

వెంటనే అద్దె ఇళ్ళ యాప్ తెరిచాడు. "ఇంత తొందరైతే ఎలా? నిదానం నేర్చుకుని రండి" అంది యాప్. నేర్చుకుని వెళ్ళాడు. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అంది. (సరైన గడియ మధ్యలో ఎప్పుడో వచ్చి వెళ్ళిందట. అప్పుడాయన ఎవరి చొక్కాకో కాలరు తిప్పి కుడుతున్నాడు.)

పై అధికారులకే చెప్పుకుందామని అద్దె అన్వేషణ కాలనిర్ణయ మండలికి వెళ్ళాడు. అక్కడ తొందరపడ్డవారికి ఒక కౌంటర్, ఆలస్యమైనవారికి ఒక కౌంటర్ ఉన్నాయి. సమయానికి వచ్చినవాళ్ళకి ఏదని అడిగాడు.

"అలాంటివాళ్ళు ఇంతవరకూ రాలేదండీ" అన్నాడు ఉప కాలాధికారి, ఎంతో మర్యాదగా. "వస్తే శాలువా కప్పి కౌంటర్ కట్టిస్తాం."

"దేవుడు కాళ్ళిచ్చాడు కదండీ, వీధుల్లో తిరిగి చూడకూడదూ?" అంది భార్య.

తిరిగాడు. రెండు వీధుల అవతల ఇల్లు దొరికింది. మిషనుకి కిటికీ పక్కన వెలుతురు, తల్లి మంచానికి మెట్లెక్కక్కర్లేని గది. ఆ ఓనరూ సరేనన్నాడు. తంటా ఒక్కటే, అందులో ఉన్న నర్సు ఇంకా కదల్లేదు.

"మీరెప్పుడు ఖాళీ చేస్తారమ్మా?" అన్నాడు టైలర్.

"పళ్ళ కొట్టాయన ఖాళీ చేసినప్పుడు. నేను దిగాల్సింది ఆయనింట్లోనే. వెళ్ళి ఆయన్ని కదపండి, పుణ్యముంటుంది."

పళ్ళ కొట్టాయన బొప్పాయి కోస్తూనే అన్నాడు. "నన్నంటారేంటండీ బాబూ. సంగీతం మాస్టారు లేస్తే కదా నేను దిగేది."

సంగీతం మాస్టారు మూటల మధ్య కూర్చుని ఉన్నాడు. "నాదేం ఆలస్యం లేదయ్యా. హార్మోనియం కూడా కట్టేశా, పిల్లలకి నోటితోనే లాగిస్తున్నా. నేను వెళ్ళాల్సిన ఇంట్లో ఎవడో టైలరున్నాడట, జిడ్డులా పట్టుకుని వదలడు."

టైలర్ కూడా ఆ టైలర్ని కాసేపు తిట్టాడు. ఆ తర్వాత అనుమానం వచ్చి ఏ వీధని అడిగాడు.

"అయితే మా ఓనరుగారి అబ్బాయి మీరేనాండీ?"

"అబ్బాయిలాంటివాడివన్నాడు. నాకు అరవై దాటాయి. ఈ వయసులో అంత మాటంటే ఎవరు కాదంటారు?"

ఆ సాయంత్రం నాలుగు కుటుంబాలూ టైలర్ ముందుగదిలో, మిషను చుట్టూ ఇరుక్కుని కూర్చున్నాయి. అంతా విన్న తల్లి మంచం మీంచి, "ఎవరింట్లో వాళ్ళుంటే సరిపోదట్రా?" అంది.

ముందుగా నర్సు నవ్వింది. తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. పళ్ళ కొట్టాయన బొప్పాయి పంచాడు. మాస్టారు మూట విప్పి హార్మోనియం వాయించాడు. (ఆ పాట గురించి పక్కింటివాళ్ళు మండలికి ఫిర్యాదు చేశారు. ఆలస్యంగా వచ్చిందని తిరస్కరించారు.)

మర్నాడు నలుగురూ తమ తమ ఓనర్లని బతిమాలారు. నలుగురు ఓనర్లూ కుదరదన్నారు. కారణం చెప్పలేదు. ఓనరన్నవాడికి ఆ అవసరం ఉండదు.

చివరిరోజు నాలుగు బండ్లూ ఒకేసారి బయల్దేరి కూడలిలో ఒకదానికొకటి అడ్డంపడ్డాయి. చేసేదిలేక అందరూ దిగి, ఎవరింట్లో ఏ కుళాయి కారుతుందో, ఏ తలుపు ఎత్తి మూయాలో ఒకరికొకరు అప్పజెప్పుకున్నారు. చీకటి పడేలోగా తల్లి మంచం కొత్త గదిలో, మిషను కొత్త కిటికీ పక్కన చేరాయి.

పాత ఇంటి తాళంచెవి ఇస్తూ టైలర్ మెల్లగా అడిగాడు. "ఉన్నవాళ్ళనే ఉంచితే పోయేది కదండీ?"

ఓనరు బాధపడ్డాడు. "ఎలా ఉంచనయ్యా, మాస్టారికి మాటిచ్చేశాను. మాట మీద నిలబడనివాడి ఇంట్లో అద్దెకెవరుంటారు చెప్పు?"