వేడి తీసేసిన నకళ్లు

“పాత కాగితాల పీడ ఈ రోజుతో వదిలింది. ఇక ప్రతి ఇంటికీ కొత్త కాగితం” అని మంత్రిగారు ప్రకటించినప్పుడు నేను ఆయన వెనకే, జిరాక్సు మిషను పక్కన స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడి ఉన్నాను. అంతటి వీపును అంత దగ్గరగా చూసే భాగ్యం మెకానిక్కులకు తరచుగా దొరకదు.

పథకం చాలా గొప్పది. మా వీధిలో నలభై ఇళ్లు. పాత ఇంటికాగితం ఇస్తే నకలు తీసి, దాని మీద మంత్రిగారు స్వయంగా సంతకం చేసి, ముద్ర వేసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇస్తారు. పాతదాన్ని అక్కడికక్కడే ముక్కలు చేసేస్తారు.

ఈ మిషను ఎలా పనిచేస్తుందని మంత్రిగారు అడిగారు. లోపలి డ్రమ్ముకు చీకట్లో విద్యుత్తు ఎక్కుతుందని చెప్పాను. కాగితం మీద వెలుగు వేస్తే తెల్లటి భాగం ఆ వెలుగును డ్రమ్ము మీదికి పంపి అక్కడి విద్యుత్తును పోగొడుతుంది. అక్షరాలున్న చోట వెలుగు రాదు, విద్యుత్తు ఉండిపోతుంది. నల్లపొడి దాన్నే అంటుకుని, తర్వాత కాగితం మీదికి దిగుతుంది. చివర్న వేడి రోలరు ఆ పొడిని కరిగించి పట్టిస్తుంది.

వెలుగు పడని చోటే సరుకు నిలుస్తుందన్న ముక్కను ఆయన రెండుసార్లు చెప్పించుకున్నారు. పాత స్నేహితుణ్ణి చూసినట్టు తలాడించారు.

పరీక్షకని తీసిన మొదటి నకలు ఆయన వేలిని కాల్చింది.

“ప్రజల చేతికి కాలే కాగితం ఇస్తావటయ్యా? ఆ వేడి తీసెయ్.”

“తీసేస్తే పొడి పట్టదండీ. ఊదితే పోతుంది.”

పక్కనే ఉన్న మంత్రిగారి బావమరిది మొదటిసారి నావైపు చూశాడు.

“సంతకం కూడా పోతుందా?”

“పోదండీ. అది సిరా.”

“అయితే ఫరవాలేదు.”

రోలరు ఊడదీసి నా సంచిలో వేసుకున్నాను.

మా పక్కింటి కుట్టుమిషను అక్క మాత్రం పాత కాగితం వదల్లేదు. రెండు గదుల ఇల్లు, ముందు గదిలో మిషను, ఆమెకున్నది అంతే. ప్రభుత్వం మీద నమ్మకం లేదా అని బావమరిది నొచ్చుకున్నాడు. ఆమె నావైపు తిరిగింది.

“తమ్ముడూ, ఇచ్చెయ్యమంటావా?”

“ఇచ్చెయ్యక్కా” అన్నాను. నా నోరు పడిపోను.

పది రోజులకు ఇంటికాగితాల తనిఖీ అని కబురొచ్చింది. అక్కకు తోడుగా ఆఫీసుకు వెళ్లాను. అధికారి శుభ్రమైన మనిషి. ఆ ఆఫీసులో దుమ్ము ఊదకుండా ఏ కాగితమూ చదవరు. కవరులోంచి అక్క కాగితం తీసి ఉఫ్‌మని ఊదాడు. నల్లగా లేచింది. రుమాలుతో తుడిచాడు కూడా.

“సంతకం సరిగ్గా ఉంది. ముద్ర సరిగ్గా ఉంది. ఇల్లేదమ్మా?”

“నేనుంటున్నదే సార్.”

“కాగితంలో లేదు.”

అక్క కాగితాన్ని వెనక్కి తిప్పి చూసింది. అటువైపూ తెల్లగానే ఉంది. అధికారి పక్షపాతం ఎరగనివాడు, నలభై కాగితాలనూ అలాగే ఊదాడు. చెల్లని కాగితాలు జనం దగ్గర ఉండకూడదని అన్నీ తన దగ్గరే ఉంచుకున్నాడు.

మర్నాడు బావమరిది ఇంటి నుంచి నాకు పిలుపొచ్చింది. మిషను ఆయన హాల్లోకి చేరింది. ట్రేలో ఆ నలభై తెల్లకాగితాలు, ఒక్కోదాని అడుగున మంత్రిగారి సంతకం, ముద్ర. మిషను అద్దం మీద కొత్తగా టైపు చేసిన ఇంటికాగితం, యజమాని పేరు దగ్గర ఆయన పేరు. ఆయన నాకు కుర్చీ వేయించి మరీ అడిగాడు.

“ఆ వేడి రోలరు మళ్లీ బిగించవయ్యా. అక్షరం గట్టిగా పట్టాలి.”

రోలరు నా సంచిలోనే ఉంది. ఆ సంచి అక్క కుట్టిచ్చింది.