నలభై మంది సీనియర్ సిటిజన్లు

సోమవారం నాటి నీలవేణి పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి ఉప్మా, తొమ్మిదింటికి కూతురు స్నిగ్ధకు రెండు జడలు, పదకొండింటికి ఉప్పల్ స్కూల్లో ఇంటర్వ్యూ, పన్నెండున్నరకు నాచారం తిరిగొచ్చి గిర్నీలో పిండి పట్టించడం. ఇందులో భయపెట్టేది ఇంటర్వ్యూ ఒక్కటే. ఒకటో తరగతి సీటు పిల్లకే అయినా, ఆ స్కూలు పెద్దమేడం తల్లిచేత కూడా ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడిస్తుందని గల్లీ అంతా చెప్పుకుంటారు. నీలవేణి చదువు తొమ్మిదో తరగతి సగంలోనే ఆగిపోయింది. ఆగిననాడు ఇంగ్లీషు పాఠం నడుస్తోందో లెక్కల పాఠం నడుస్తోందో కూడా ఆమెకు గుర్తులేదు.

అందుకే మూడు నెలలుగా ఏఎస్ రావు నగర్‌లో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు వెళ్తోంది. అక్కడ సుధీంద్ర సార్ రోజుకో విషయం ఇచ్చి ముచ్చటించమనేవాడు. రాబోయే కాలంలో ఏమేం మారతాయి, మన బస్తీకి మనం ఏం సాయం చేయగలం, ఇట్లాంటివి. విషయాలు గొప్పవే, ఎవరికీ నోరు పెగిలేది కాదు. నెల రోజులు చూసి సార్ విసిగిపోయాడు. జవాబులన్నీ తానే రాసి, జిరాక్స్ తీసి పంచాడు. "బట్టీ పట్టండమ్మా. సొంతంగా ఆలోచించొద్దు. ఆలోచిస్తే ఆగిపోతారు" అన్నాడు. నీలవేణి పట్టింది. పప్పు ఎనుపుతూ, బట్టలు జాడిస్తూ పట్టింది. షీటు మొదటి మాట ఎవరైనా అంటే చాలు, చివరి మాట దాకా ఆగకుండా వచ్చేది.

స్కూల్లో ఆ పెద్దమేడం, స్వర్ణలత మేడం, మెత్తగానే అడిగింది. స్నిగ్ధ చేతికి ఒక బొమ్మల పుస్తకం ఇచ్చి, తల్లివైపు తిరిగి, మీ ఇంట్లో శనివారాలు ఎలా గడుస్తాయని ఇంగ్లీషులో పలకరించింది. నీలవేణి చెవిన 'సాటర్‌డే' అన్నది పడింది. షీటు మొదలయ్యేదే దాంతో.

"ఎవ్రీ సాటర్‌డే ఐ టీచ్ స్మార్ట్‌ఫోన్ టు ఫార్టీ సీనియర్ సిటిజన్స్ ఆఫ్ మై కాలనీ" అని అందుకుంది. నలభై మంది ముసలివాళ్లకు ఉచితంగా ఫోన్ నేర్పుతున్నానని, రేపటి ప్రపంచమంతా ఫోన్‌లోనే ఉంటుందని, అందులో ఎవరూ వెనకబడకూడదని ఒక్క గుక్కలో చెప్పేసింది. చెప్పాక గానీ ఏం చెప్పిందో ఆమెకు తెలియలేదు.

మేడం కళ్లద్దాలు తీసి తెలుగులోకి దిగింది. "చాలా బాగుందమ్మా. ఈ శనివారం పదింటికి నేనే వచ్చి చూస్తాను."

ఆ రోజు పిండి పట్టించలేదు.

సాయంత్రం చర్లపల్లి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన దయాకర్, పెళ్లాం చెప్పింది విని టిఫిన్ డబ్బా చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు.

"గంత అబద్ధం ఎట్ల జెప్పినవే?"

"నేను జెప్పలే బావా. షీటు జెప్పింది."

"ఫోన్ జేసి కాదని చెప్పరాదు?"

"చెప్తే సీటు వోతది. అబద్ధాలాడే తల్లి బిడ్డకు ఎవలిస్తరు?" నీలవేణి కళ్లు తుడుచుకుంది.

చిక్కుడుకాయలు తుంచుతున్న అత్త రుక్కమ్మ తలెత్తింది. "నలభై మందా? మన గల్లీల ముసలోళ్లం పదకొండు మందిమి. అండ్ల ఇద్దరు బిడ్డల ఇండ్లకు వోయిన్రు. సత్తమ్మకు చెవులు ఇనవడయి."

"ఏం జేయాలె అత్తమ్మా?"

"ఫికర్ జెయ్యకు బిడ్డా. మందిని తెచ్చే జిమ్మ నాది. ఫోన్ సంగతి నువ్వు సూస్కో."

అప్పుడే నీలవేణి ఫోన్ టింగుమంది. తెలియని నంబరు, ఇంగ్లీషు మెసేజ్. అలాంటివి తెరిస్తే బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుందని దయాకర్ ఏనాడో చెప్పి ఉన్నాడు. నీలవేణి ఫోన్‌ను బోర్లా పెట్టింది. ఇప్పటికే తెరవనివి రెండు వందల పైచిలుకు ఉన్నాయి, దానికి ఇంకొకటి.

రుక్కమ్మ మంగళవారం గల్లీ మీద పడింది. ఫోన్ నేర్పుతారంటే ఒక్కరూ కదల్లేదు. "గిప్పుడు ఫోన్ నేర్సుకొని నేనెవలికి జేయాలె వదినా? నాకు జేసెటోళ్లే లేరు" అన్నాడు మొగిలయ్య. బుధవారం ఆమె మాట మార్చింది. "శనివారం పెద్దమేడం వస్తది. పేర్లు రాసుకుంటది." హాజరు రాస్తారు కదా, అందులో అబద్ధమేముందని ఆమె ధైర్యం.

ఎవరైనా వచ్చి పేర్లు రాసుకుంటున్నారంటే, దేనికని అడిగే అలవాటు ఆ బస్తీలో లేదు. ముందు పేరు ఉండాలి. దేనికో తరువాత తెలుస్తుంది.

శనివారం తొమ్మిదింటికే గల్లీ నిండింది. సత్తమ్మ కంటద్దాలు ఇస్తారని వచ్చింది. పెంటయ్య ఇండ్ల జాగాల కోసమన్నాడు, పైగా మేడిపల్లి నుంచి బావమరిదిని ఆటోలో దించుకున్నాడు. తిరుపతికి బస్సు పెడుతున్నారని చంద్రయ్య చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. అందరి చేతుల్లోనూ ఆధార్ జిరాక్సు, రెండేసి ఫొటోలు. మూలమీది జిరాక్స్ దుకాణం ముందు ఇంకో లైను. ఎవరో షామియానా కట్టారు, ఎవరు కట్టమన్నారో ఎవరికీ తెలియదు. మొగిలయ్య చీటీలు రాసి పంచుతూ, "ఒక్కొక్కలు రావాలె! లైన్ దప్పితె పేరు కొట్టేస్త!" అని అరుస్తున్నాడు. చివరి చీటీ నూట పదమూడు.

నీలవేణి అత్త దగ్గరికి ఉరికింది. "అత్తమ్మా, నలభై అంటిమి గద!"

"తక్కువైతె అడగాలె గని, ఎక్కువైతె అడుగుతవేందే?"

మేడం కారు ఉప్పల్ రింగురోడ్డు ట్రాఫిక్ దాటి వచ్చేసరికి పదకొండున్నర. దిగీ దిగగానే ఇరవై జిరాక్సులు ఆమె ముఖం మీదికి వచ్చాయి. "మేడం, నాది ముందుగాల రాయిన్రి!" "ఏయ్, నాది ఏడో నంబరు!" మేడం ఎలాగో కుర్చీ దాకా చేరి, చీర సర్దుకుని, "కానివ్వమ్మా. పాఠం చెప్పు" అంది.

నీలవేణి గొంతులో షీటు ఉంది. పాఠం లేదు. ఫోన్ తీసి, దగ్గరగా ఉన్నది అత్తే కాబట్టి అత్త చేతికిచ్చింది. "గిది... గిది ఫోన్ అత్తమ్మా."

"గది నాకెర్కనే. గీ ఎర్ర సుక్కల రెండొందల పన్నెండు అని ఉన్నది, గదేంది?"

"చదువని మెసేజ్‌లు. ఇంగ్లీషుల ఉంటయ్. ముట్టకు, పైసలు వోతయ్!"

రుక్కమ్మ అప్పటికే ముట్టింది. ఇంకోసారి ముట్టింది. తెర మీద ఒక మెసేజ్ తెరుచుకుంది, పైన స్కూలు గేటు మీద ఉన్నటువంటి ముద్రే. మేడం ముందుకు వంగి చూసి, కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూసింది.

"ఇది మేం పంపిందే. మీ పాపకు సీటు ఇచ్చామని సోమవారమే పంపాం. శనివారం పన్నెండింటిలోగా ఒప్పుకోకపోతే వేరేవాళ్లకు వెళ్తుంది. జవాబు రాకపోయేసరికి, మీకు వద్దేమో అనుకున్నాను."

దయాకర్ వాచీ చూశాడు. పన్నెండుకు ఆరు నిమిషాలు. "ఎక్కడ ఒత్తాలె మేడం?" అని అరిచాడు.

"ఆ పచ్చ బటన్."

నీలవేణి వేలు చాచింది. వేలు తెర మీద ఆనకుండా గాల్లోనే ఆగింది. రుక్కమ్మ కోడలి చేయి పక్కకు నెట్టి, పొయ్యి మీద రొట్టెను అదిమినట్టు బొటనవేలితో గట్టిగా అదిమింది. టిక్కు పడింది.

నీలవేణి షామియానా గుంజ పట్టుకుని కూర్చుండిపోయింది. ఐదు రోజులుగా గుండె మీద ఉన్న బరువు దిగింది, దానితో పాటే నిజమూ బయటికొచ్చింది. "మేడం, నేనెవలికీ ఏం నేర్పలే. గదంత బట్టీ వట్టిన."

"తెలుసమ్మా. ఈ నెల ఆరుగురు తల్లులు ఇదే చెప్పారు, అదే నలభై మందిని. అందరికీ వస్తాననే చెప్పాను. ఐదుగురు ఊరికి వెళ్తున్నామని తప్పించుకున్నారు."

"మరి సీటు?"

"సీటు పాపకు ఇచ్చాం. పుస్తకంలో ఏనుగుకు తోక లేదని చూపించి, పెన్సిల్ అడిగింది. మీ జవాబుకు ఎవరిస్తారు?" మేడం నవ్వుతూ లేవబోయింది.

మొగిలయ్య అడ్డంగా నిలబడ్డాడు. "పేర్లు రాసుకోకుండ వోతె ఎట్ల మేడం? పొద్దుగాల సంది నిలవడ్డం."

ఆమె చుట్టూ చూసింది. నూట పదమూడు చీటీలు పైకి లేచి ఉన్నాయి. స్వర్ణలత మేడం మళ్లీ కుర్చీలో కూర్చుని, రెండింటి దాకా పేర్లు రాసింది.

తరువాతి శనివారం అందరూ మళ్లీ వచ్చారు, పేర్లు రాసుకున్నది దేనికో కనుక్కుందామని. నీలవేణి ఫోన్ తీసి ఎర్ర చుక్క దగ్గర మొదలుపెట్టింది. షీటులో ఉన్నదంతా నిజమైంది, ఒక్క అంకె తప్ప.