శిక్షణ లేని మనిషి

ఈల మాస్టారంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. క్రీడా శిక్షణ సంస్థలో ఇరవై ఆరేళ్లుగా పరుగు నేర్పుతున్నారు. ఎవరు ఎంత దూరం పరిగెత్తాలో, ఎంతసేపు ఆగాలో, ఏ కండరం ఎందుకు పట్టేస్తుందో అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. తను పరిగెత్తడం మానేసి మాత్రం పదిహేనేళ్లయింది. ఈల ఒక్కటే మెడలో ఉంటుంది, స్నానానికి వెళ్లినప్పుడు తప్ప.

ఆ ఏడాది కొత్త డైరెక్టర్ వచ్చి ఓ మెలిక పెట్టాడు. నలభై అయిదు దాటి, ఏ శిక్షణా లేని మనిషినొకరిని ప్రతి కోచ్ ఎనిమిది వారాల్లో మార్చి చూపించాలి. చూపించలేకపోతే మైదానం వదిలి సామాన్ల గదికి వెళ్లాలి. బంతులకు గాలి కొట్టుకుంటూ రిటైరవడమంటే మాస్టారికి ప్రాణం పోయినంత పని.

"నువ్వున్నావు కదా," అన్నారు భార్యతో. ఆయన లెక్క ఆయనకుంది. బయటివాళ్లయితే ఎగ్గొడతారు, ఇంట్లో మనిషి చెప్పినమాట వింటుంది. తను కుర్చీ వేసుకుని ఈల ఊదితే చాలు.

"మీ మైదానం కోసం ఆమాత్రం చెయ్యనా," అంది ఆవిడ. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే ఆయనకు అనుమానం రావలసింది. రాలేదు.

మొదటిరోజు రెండు రౌండ్లు నడిచి ఆవిడ గట్టుమీద కూలబడింది.

"ఏవండీ, పిక్కలు పట్టేశాయి."

"మొదట్లో అంతే. విశ్రాంతి కూడా శిక్షణే."

"మరి ఇవాళ బట్టలెవరు ఆరేస్తారు?"

మాస్టారు లేచారు. తన శాస్త్రాన్ని తనే కాదనలేరు కదా. తడిబట్టల బకెట్టుతో డాబా మీదికి మూడంతస్తులు ఎక్కారు. మధ్యలో రెండుసార్లు ఆగి, ఆ మెట్లు కట్టిన మేస్త్రీని తిట్టుకున్నారు. ఆనాటినుంచి మైదానం నుంచి రాగానే రోజూ ఆవిడ పిక్కలు పట్టేసేవి, బకెట్టు ఆయన చేతికొచ్చేది.

రెండోవారంలో కొత్త ఇబ్బంది వచ్చింది. "ముందు ఎవరైనా పరిగెడితేగానీ నా కాళ్లు కదలవండీ," అంది ఆవిడ. దాంతో కుర్చీ ఇంట్లోనే ఉండిపోయింది. మాస్టారు ముందు, ఆవిడ వెనక. ఆయన తిరిగి చూసినప్పుడల్లా ఆవిడ పక్కింటావిడతో కబుర్లలో ఉండేది.

"ఆగావేం?"

"మీరు ఆగకండి. మీరు కనబడుతుంటే నాకు ఊపొస్తుంది."

పొద్దున్నే నాడి లెక్కపెట్టి పుస్తకంలో రాసే పని కూడా ఆవిడదే. "నా నాడి నాకు దొరకట్లేదు, మీ చేతిమీద నేర్చుకుంటా," అంది. ఎనిమిది వారాలూ నేర్చుకుంటూనే ఉంది. మాస్టారు ఆ పుస్తకం ఒక్కసారీ తెరవలేదు. రోజువారీ అంకెలు చూస్తే కోచ్ కంగారు పడతాడు, చివర్లోనే చూడాలన్నది ఆయన సిద్ధాంతమే మరి.

పరీక్షరోజు డైరెక్టర్ పుస్తకం తెరిచి పైకి చదివాడు.

"శిక్షణ లేని మనిషి: మా ఆయన. వయసు యాభై రెండు. నాడి మొదట ఎనభై ఎనిమిది, ఇప్పుడు డెబ్భై. మూడంతస్తులు, చేతిలో బకెట్టు: మొదట రెండుసార్లు ఆగారు, ఇప్పుడు ఆగరు. శిక్షణ ఇచ్చింది: భార్య."

మాస్టారు పుస్తకంలోకి తొంగిచూశారు.

"పరిగెత్తండి, చూద్దాం," అన్నాడు డైరెక్టర్.

పన్నెండు నిమిషాల్లో అయిదు రౌండ్లు. పరుగు ఆపగానే ఆయన నేరుగా భార్య దగ్గరికి వచ్చారు. "నాతో చెప్పచ్చుగా?"

"చెప్తే విన్నారా? నడవండంటే నాకే పాఠం చెప్పేవారు. రెండేళ్లుగా మెట్లెక్కొచ్చి గుమ్మం పట్టుకుని నిలబడుతున్నారు. ప్రతిరోజూ నా గుండె జారిపోయేది." మాస్టారు తల దించుకుని ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. ఇంత ప్రేమ తన పక్కనే ఉంటే, తను చూసింది స్టాప్‌వాచీని.

డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "పద్ధతి మాస్టారిదే కాబట్టి మైదానం ఆయనదే. కానీ అమ్మా, మా దగ్గర మెట్లెక్కితే ఆయాసపడే కోచ్‌లు ఇంకో ముగ్గురున్నారు. మీకు తీరికవుతుందా?"

"నాకెందుకండీ," అంది ఆవిడ. "వాళ్ల ఆవిడలతో పోయినవారమే మాట్లాడాను. ఇవాళ్టినుంచి ఆ ముగ్గురు ఆడవాళ్లకీ పిక్కలు పట్టేస్తాయి."