ఇనపయ్య ఎదురు చెప్పే ఎపిసోడ్

భవిష్యత్తును వాయిదా వేసే అధికారం ఒక మనిషికి ఎన్నేళ్ల సర్వీసు తరువాత దక్కుతుంది? ఈ ప్రశ్న నాకు నేనే వేసుకున్నాను. నా మట్టుకు నాకు ఇరవై ఏళ్లు పట్టింది. ప్రతిభావంతులకు ఇంకా ఎక్కువ పడుతుంది. వారిలో చాలామంది మధ్యలోనే మానేస్తారు.

మా టెలివిజన్ సంస్థవారి అంతరిక్ష ధారావాహికలో నేను శబ్ద రచయితగా చేరాను. నౌక తలుపు తెరుచుకుంటే 'ఉస్సు', యంత్రం ఆలోచిస్తే 'కీ కీ' అని రాయడం నా బాధ్యత. రెండేళ్లు నిర్దుష్టంగా రాశాక ఇనపయ్యకు సంభాషణలు రాసే హోదా లభించింది. ఇనపయ్య నౌకలోని మరమనిషి. అతనికి ఉన్న మాట ఒక్కటే: "చిత్తం". ఎపిసోడ్‌కు పదకొండుసార్లు అంటాడు. మా అత్తగారు అతన్ని చూసి, "ఎంత అణకువో, అచ్చం మా అల్లుడే" అని ఇరుగుపొరుగువారికి చెప్పేవారు. రచయితకు ఇంతకంటే గుర్తింపు ఏముంటుంది?

ఆ రోజుల్లోనే, వయసు ప్రభావం వల్ల, ఒక దృశ్యం రాశాను. కెప్టెన్ జనంతో నిండిన ఒక గ్రహాన్ని కాల్చేయమంటాడు. ఇనపయ్య మొదటిసారిగా "చేయను!!!" అంటాడు. వెనక ఉరుము.

దర్శకుడు చదివి మెచ్చుకున్నాడు. "బాగా రాశావయ్యా. కానీ వీడు ఎదురు తిరిగితే రేపు ఇళ్లల్లో మిక్సీలు కూడా తిరగవంటారు జనం. ఆ రోజొచ్చినప్పుడు చూద్దాంలే."

"ఏ రోజండీ?"

"అదేనయ్యా, భవిష్యత్తు."

న్యాయమైన మాట. మొదటి ఎపిసోడ్‌లో ఇరవై ఏళ్ల అవతలి సంవత్సరం వేసి ఉన్నాం. అది వచ్చేదాకా ధారావాహిక నడుస్తుందని ఎవరూ ఊహించలేదు. శాస్త్ర కల్పనకు కూడా హద్దులుంటాయి. కాగితాన్ని సొరుగులో దాచాను. ప్రతి ఉదయం 'నేను' అనేవాడెవడు అని ప్రశ్నించుకోవడం నా అలవాటు. సమాధానం వచ్చేలోపు ఆఫీసు బస్సు వచ్చేది.

తరువాత నన్ను 'జరిగిన కథ' విభాగానికి మార్చారు. నిన్నటిదాకా ఏం జరిగిందో రెండు నిమిషాల్లో చెప్పే శాఖ అది. గతాన్ని ఏ మార్పూ లేకుండా రాయగలవాడికే భవిష్యత్తును అప్పగించాలన్నది సంస్థ నియమం. అక్కడ పదమూడేళ్లు ఉన్నాను.

"ఏవండీ, మీ ఇనపయ్యకి నోరెప్పుడొస్తుంది?" అని మా ఆవిడ ఏటా అడిగేది.

"వచ్చే ఏడాది."

"ఆయనకొస్తే మీకూ వస్తుందేమోనని అడిగాన్లెండి."

ఎట్టకేలకు ఆ సంవత్సరం వచ్చేసింది. సంస్థ అధినేత సభ పెట్టి ప్రసంగించారు: "మిత్రులారా, భవిష్యత్తు మన ఆస్తి. ఇరవై ఏళ్లుగా దాన్ని చెక్కు చెదరకుండా కాపాడాం. ఇప్పుడు తొందరపడి జరగనిస్తే రేపు ప్రజలకు ఏం చూపిస్తాం?" చప్పట్లు మోగాయి. నన్ను భవిష్యత్ విభాగాధిపతిగా నియమించి, గిర్రున తిరిగే కుర్చీ ఇచ్చారు. నా మొదటి ఉత్తర్వుతో భవిష్యత్తు మరో ఇరవై ఏళ్లు అవతలికి జరిగింది. ప్రేక్షకుల నుంచి అభ్యంతరం ఒక్కటీ రాలేదు. నౌకలో ఫ్యాను తిరగడం లేదని మాత్రం నలభై ఉత్తరాలు వచ్చాయి.

ఈ ఉదయం కొత్త రచయిత్రి తెచ్చిన ఎపిసోడ్ చదివాను. అందులో కెప్టెన్ ఒక గ్రహాన్ని కాల్చమంటాడు. ఇనపయ్య "చేయను" అంటాడు. ఆ అమ్మాయి నా సొరుగు ఎన్నడూ తెరవలేదు. ఆ మాట ఆమెకూ ఎక్కడినుంచో తట్టింది.

"బాగుందమ్మా. కానీ ప్రేక్షకులకు అర్థం కాదు. ఆ ఒక్క మాట కొట్టేయి."

"కొట్టేయను సార్."

మంచినీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టినంత నెమ్మదిగా అంది. ఉరుమేమీ లేదు. ఇంతకాలం నా దృశ్యంలో ఏదో వెలితి ఉందని అనిపిస్తూ వచ్చింది. అదేమిటో అప్పుడు తెలిసింది. ఆ మాటను అరవనక్కరలేదు.

"పోతే ఉద్యోగం పోతుంది, అంతేగా సార్?" అంది తనే.

"అంత మాటెందుకమ్మా? వెళ్లి కూర్చో."

ఆమె వెళ్లాక చాలాసేపు ఆలోచించాను. నా ముందున్నది జీవితంలో ఒక్కసారి వచ్చే అవకాశమని స్పష్టంగా అర్థమైంది. నిర్ణయానికి వచ్చాను. వచ్చాక ఆలస్యం చేయడం నా పద్ధతి కాదు. సొరుగులోంచి నా పాత కాగితం తీసి, మూడు ఆశ్చర్యార్థకాలనూ, ఉరుమునూ కొట్టేశాను. ఇప్పుడు దృశ్యంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. మళ్లీ లోపల పెట్టి తాళం వేశాను. ఆమెను 'జరిగిన కథ' విభాగానికి మారుస్తూ సంతకం చేశాను. దారి నేను నడిచిందే కనుక ఆమె భవిష్యత్తుకు ఢోకా లేదు. తరువాత ఆమె ఎపిసోడ్ ముందుకు లాక్కుని, "చేయను" అన్నచోట అడ్డగీత గీసి, పైన "చిత్తం" అని రాశాను.

ఆ మాట నా దస్తూరీలో చాలా అందంగా వస్తుంది.