సొరుగులో ఫోను, హాలంతా సుఖం

పోయిన ఫోను దొరికితే దాని సొంతదారు కోసం వెతికేవాళ్ళంత అమాయకులు లోకంలో ఉండరు. అలాంటి ఫోనును సొంతదారు కంట పడకుండా కాపాడుకోవాలి! ప్రతి ఆఫీసుకీ, ప్రతి ఆస్పత్రికీ, వీలైతే ప్రతి ఇంటికీ ఒక దిక్కులేని ఫోను ఉండి తీరాలి. నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

నేను ఒక పఠన మందిరంలో గుమాస్తాను. పేపర్లు సర్దడం, ఫ్యాన్లు వేయడం, మాట్లాడేవాళ్ళ వంక గుడ్లురిమి చూడటం నా పనులు. వీటితోపాటు పోయిన వస్తువుల సొరుగు అనే పెద్ద శాఖ కూడా నా చేతిలోనే ఉంది. అందులో ప్రస్తుతం ఏడు కళ్ళజోళ్ళు, ఒక కట్టుడు పళ్ళ సెట్టు, ఒక ఒంటి చెప్పు ఉన్నాయి. రెండో చెప్పుతో ఆ మనిషి ఇల్లెలా చేరాడో నన్నడక్కండి.

కిందటి నెల కిటికీ పక్క బల్ల మీద ఈ ఫోను దొరికింది. అద్దం ఓ మూల పగిలింది. లాకు పడి ఉంది. తెర మీద, పెన్సిలుతో గీసిన పిల్లి బొమ్మ ఫోటో. మా లైబ్రేరియన్ మేడం వెంటనే నోటీసు రాయించి గోడకి అంటించారు. "ఫోను పోగొట్టుకున్నవారు ఈ కింది నంబరుకు ఫోను చేయవలెను."

వారం గడిచినా ఎవరూ చేయలేదు. జనానికి బొత్తిగా బాధ్యత లేకుండా పోయిందని మేడం బాధపడ్డారు.

అడగడానికి ఒక్క కుర్రాడు వచ్చాడు. "నాదే సార్, నాదే!" అన్నాడు. సొరుగు లాగి చూపించాను. పగిలిన మూలనీ, లావుపాటి ఒళ్ళునీ చూసి, "అబ్బే, నాది కొత్త మోడలండీ," అని చక్కా పోయాడు.

ఫోను మాత్రం ఊరుకుంటుందా? నేనే ఛార్జింగు పెట్టేవాణ్ణి, అది రోజుకి పదిసార్లు మోగేది. సొంతవాళ్ళేమోనని ఆశగా ఎత్తేవాణ్ణి. "ఈ ఫోను ఎవరిదో మీకు తెలుసా అమ్మా?" అంటే, "మీదే కదా సార్! మీకు లోను మంజూరైంది," అనేది అవతలి గొంతు. ఎవరికీ అక్కర్లేని వస్తువుని పట్టుకుని ఇది మీదే అని ఒట్టేసి చెప్పే గుండె లోన్లవాళ్ళకి తప్ప ఇంకెవరికుంది చెప్పండి?

ఇక లాభాల సంగతి వినండి. ఇదివరకు హాల్లో ఫోను మోగితే ఎవరిదో తేలేదాకా గొడవ. ఇప్పుడు ఎవరి జేబులో మోగినా అందరూ ఏకకంఠంతో "సొరుగులోది!" అంటున్నారు. సొరుగు అటుంటే మోత ఇటు వినిపిస్తున్నా సరే, సొరుగులోదే! మేడం మీటింగుకి ఆలస్యమైనా ఆ ఫోను గొడవలో పడే. నేను జాబితా తప్పు రాసినా ఆ ఫోను ధ్యాసలో పడే. ఇంతమంది తప్పులు మోసే వస్తువు, జీతం అడగదు, సెలవు అడగదు!

ఒకటే చిక్కు. నెల రోజులు ఎవరూ రాకపోతే వస్తువు పాత సామాన్లవాడి బుట్టలోకి పోవాలని మా రూలు.

ఇరవై ఎనిమిదో రోజున పేపర్లు సర్దుతుంటే ఒకదాని అంచున పిల్లి కనిపించింది. పెన్సిలు పిల్లి. అచ్చం ఆ పిల్లే! ఆ బల్ల దగ్గర రోజూ కూర్చునేది రిటైరైన డ్రాయింగు మాస్టారు. అప్పుడు గుర్తొచ్చింది. ఫోను దొరికిందని నేను కేకేసిన రోజు గుమ్మడికాయ దొంగల్లా హాలంతా జేబులు తడుముకుంది. మాస్టారొక్కరే తడుముకోలేదు.

"మాస్టారూ, ఇదేం పని?" అని నిలదీశాను.

"మెల్లగా అను నాయనా," అన్నారాయన. "అది ఉన్నన్నాళ్ళూ మా ఆవిడ ఇంట్లో కూర్చునే, ఇక రండి అని ఫోను చేసేది, నేను పోయేవాణ్ణి. పోయిందని చెప్పాక సాయంత్రం తనే వస్తోంది. ఇద్దరం నడుచుకుంటూ పోతున్నాం. దార్లో మాట్లాడుకుంటున్నాం, తెలుసా! కొత్త ఫోను కొంటానంటే తొందరేముందిలే, అదే దొరుకుతుందంటోంది. నువ్వు దొరకనివ్వకు."

ముప్ఫయ్యో రోజున పాత సామాన్లవాడు వచ్చాడు. నేను రిజిస్టరు తెరిచి, ఆ ఫోను అప్పుడే దొరికినట్టు కొత్త తేదీ వేశాను. మరో నెల భరోసా. ఉద్యోగంలో నేను చేసిన మొదటి తప్పుడు పని ఇదే, దానికి నాకేం సిగ్గు లేదు.

మర్నాడు నా ఫోను కూడా ఆ సొరుగులో పెట్టాను.

మా ఇంట్లో ముగ్గురం, మూడు గదులు, ఒక ఫ్యామిలీ గ్రూపు. అన్నం ఉడికిందన్న సంగతి నాకు గ్రూపులోనే తెలుస్తుంది. పక్కగదిలో లాప్‌టాప్ ముందు ఉద్యోగం చేసే మా అమ్మాయి నాకు బొటనవేలి బొమ్మ పెడుతుంది, నేను ఆమెకి పెడతాను. అదీ మా సంభాషణ. మరి నా ఫోను పోతే? మొదటిరోజు ఎవరూ కనిపెట్టలేదు. రెండోరోజు చల్లారిన అన్నం తిన్నాను. నాకు బాధేసింది, దాచుకోవడం దేనికి?

మూడోరోజు మా అమ్మాయి రొప్పుకుంటూ హాల్లోకి వచ్చింది! నా కడుపు నిండిపోయింది.

"నాన్నా, ఫోనెత్తవేం? వైఫై ఆగిపోయింది. ఓటీపీ నీ నంబరుకే వస్తుంది!"

ఓహో. వెతుక్కుంటూ వచ్చింది నా కోసం కాదన్నమాట. సొరుగు లాగి ఫోను తీశాను. ఓటీపీ వచ్చింది, దాని గడువు కూడా అయిపోయింది.

"ఇంకోటి పంపమంటాను, కాస్త టైము పడుతుంది," అని తన ఫోనులో నొక్కి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. చుట్టూ చూసింది. "ఇక్కడేనా నువ్వు కూర్చునేది? ఈ ఫ్యాను ఎప్పుడూ ఇలాగే కొట్టుకుంటుందా?" అనడిగింది. ఒంటి చెప్పు కథ చెప్పాను. హాలు అదిరిపోయేలా నవ్వింది. రూలు ప్రకారం నేను గుడ్లురిమి చూడాలి. నావల్ల కాలేదు.

ఇంతలో ఫోను టింగుమంది. "వచ్చింది! చదువు నాన్నా," అంది.

కళ్ళజోడు పెట్టుకున్నాను. ఆరంకెలూ స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఐదు సరిగ్గా చదివి, ఆరోది తప్పు చదివాను.