తొమ్మిదంగుళాల ఆజీ గడప తొక్కిన వైనం

సప్తసముద్ర పరివేష్టితమైన భూవలయమంతా మూతికి గుడ్డ కట్టుకుని, ప్రభువులూ ప్రజలూ భేదం లేకుండా మోచేతుల దాకా సబ్బునురుగులో మునిగి, రైళ్లూ బస్సులూ విమానాలూ పట్టపగలే కాళ్లు చాపి నిద్రిస్తున్న శార్వరి నామ సంవత్సరంలో, జ్యేష్ఠ శుద్ధ సప్తమీ శుక్రవారం నాడు, ఇంటికొక పండితుడూ, పండితుడికి నాలుగు అభిప్రాయాలూ, అభిప్రాయానికొక గోడనోటీసూ తప్పక వర్ధిల్లే పుణె మహాపత్తనంలో, సదాశివ పేఠలో, సుందర్ నివాస్ అనే పాత దుర్గంలో, మొదటి అంతస్తు భోజనాల బల్ల మీద జరిగిన ఘోర సంగ్రామాన్ని విన్నవిస్తున్నాను. వినండి. చేతులు కడుక్కుని మరీ వినండి.

ఆ దుర్గంలో కేతకీ సబ్నీస్ అనే వీరనారి ఉండేది. మృత్పుత్తళికా ప్రాణప్రదాత్రి, ఏకాంత చిత్రనిర్మాణ ధురంధర, నిద్రాహార పరిత్యాగ దీక్షిత అని ఆమె బిరుదులు. ఇరుగుపొరుగు మాత్రం 'ఆ బొమ్మలపిల్ల' అనేవారు. మట్టిబొమ్మను వెంట్రుకవాసి కదిపి ఒక ఫొటో తీస్తుంది. మరో వెంట్రుకవాసి కదిపి మరో ఫొటో తీస్తుంది. ఇలా పన్నెండు తీస్తే తెర మీద ఒక సెకను గడుస్తుంది. మూడేళ్లు తపస్సు చేసి ఆమె ఏడు నిమిషాల యాభై తొమ్మిది సెకన్లు గడిపింది. మిగిలింది ఒక్క సెకను. పండరిపురానికి కాలినడకన సాగే వారీలో తాళాలు మోగిస్తూ అన్ని నిమిషాలూ నడిచి వచ్చిన తొమ్మిదంగుళాల మట్టి ఆజీ, అంటే మన అవ్వ, ఆ సెకనులో గుడి గడప మీద కుడికాలు మోపాలి. అంతే కథ. అంతటితో సినిమా పూర్తి.

అంతటితో పూర్తయ్యేదాన్ని లోకం పూర్తి కానిస్తే అది లోకం ఎలా అవుతుంది? నది అవతల అద్దె గోదాములో కేతకికి ఒక స్టూడియో ఉండేది. ఏనుగెక్కినా చలించని ఇనుప బల్ల, పగలూ రాత్రీ ఒకేలా వెలిగే దీపాలు అందులో ఉండేవి. ఆ వీధిలో ముగ్గురికి జ్వరమొచ్చిందని వెదురుబొంగులు అడ్డం కట్టి వీధి వీధినే మూసేశారు. దీపాలూ బల్లా లోపల చిక్కాయి. చేతికందినవి కెమెరా, అరచేతంత గుడి గడప, టిఫిన్ డబ్బాలో పడుకోబెట్టి తెచ్చిన ఆజీ. ఇక ఇంట్లో భోజనాల బల్లే రణరంగం, కిటికీలోంచి పడే పగటి వెలుగే దీపం. ఆ వెలుగైనా ఉదయం పది కావస్తుండగా మొదలై పదకొండు దాకానే నిలకడగా ఉంటుంది. ఎదురింటి సున్నపు గోడ మీద పడి మెత్తగా తిరిగొస్తుంది. పదకొండు దాటిందా, ఎండ నేరుగా బల్ల మీదికెక్కి ఆజీ నీడను అటూ ఇటూ ఈడుస్తుంది.

ఆ శుక్రవారమే చిత్రోత్సవానికి సినిమా పంపడానికి ఆఖరు రోజు, సాయంత్రం ఆరింటికి గడువు. పంపకపోతే ఏమవుతుంది? ఒక సబ్బుల కంపెనీవాళ్లు కాచుకుని ఉన్నారు. కిరీటం పెట్టుకున్న సూక్ష్మక్రిమి నడుం తిప్పుతూ నాట్యమాడి, నురుగులో కాలుజారి చచ్చే బొమ్మలు చెయ్యాలట. అలాంటివి ముప్పై చెయ్యాలి. "నా సినిమా ఈసారి వెళ్లకపోతే సోమవారం నుంచి మీ దగ్గరికే వస్తాను" అని కేతకి వాళ్లకు మాటిచ్చేసింది. ఆజీ గుడి గడప తొక్కకపోతే కేతకి సబ్బుల గడప తొక్కాలి. ధర్మసంకటం అంటే ఇదే. ఇతిహాసాల్లో చెప్పినవన్నీ దీని ముందు పిల్లల తగాదాలు.

ఇక శత్రువు సంగతి. పై అంతస్తులో విశ్రాంత డ్రిల్లు మాస్టారు వి. గ. దామ్లే నివసిస్తారు. ముప్పై నాలుగేళ్లు పేఠలోని ఆడపిల్లలందరికీ, కేతకితో సహా, ఎడమ కుడి నేర్పిన మహానుభావుడు. రోజూ పర్వతి కొండెక్కి దిగేవారు. కొండ మూసేశారు. మూసేస్తే నడక మానేవాడు మగాడా? అలమారా నుంచి ఉయ్యాల బల్ల దాకా, ఉయ్యాల బల్ల నుంచి అలమారా దాకా, మణికట్టు మీద లెక్కపెట్టే పట్టీ కట్టుకుని, రోజుకు ఆరు వేల అడుగులు ఇంట్లోనే వేస్తున్నారు. పొద్దున ఆయన భార్య కాకూ ఇల్లు తుడుస్తుంది. పదకొండింటికి భోజనం. ఒంటిగంట నుంచి నాలుగు దాకా నిద్ర, ఆ నిద్రను యముడు కూడా తలుపు తట్టి చెడగొట్టడు. కాబట్టి నడకకు ముహూర్తం సరిగ్గా పదికి, ముగింపు భోజనానికి ముందే. ఆయన పాదఘట్టనకు పైకప్పు, పైకప్పు నుంచి గోడ, గోడ నుంచి నేల, నేల నుంచి బల్ల క్రమంగా ప్రకంపించి, ఒంటికాలి మీద నిలబడ్డ ఆజీ ఏ ఆరో ఫొటో దగ్గరో గుడి ముందు సాష్టాంగపడేది. భక్తురాలే గానీ, అది కథలో లేదు.

మెట్లెక్కి ఆ సంగతి చెబితే సరిపోయేది కదా అని మీరంటారు. మీరు పుణెలో ఉండలేదన్నమాట. నాగరికులు అక్కడ నోటితో దెబ్బలాడరు, నోటీసుతో దెబ్బలాడతారు. అందులోనూ పేరు పెట్టి తిట్టడం మోటు, సంతకం పెట్టడం మరీ మోటు. కేతకి మెట్ల దగ్గర గోడకు ఇలా అంటించింది:

"ఉదయం పది గంటలకు ఏనుగులకు కవాతు నేర్పుతున్న సంబంధిత వ్యక్తికి మనవి. ఇది నివాస గృహం, గజశాల కాదు. కింద మనుషులుంటారని గ్రహించడానికి డిగ్రీ అక్కర్లేదు."

మర్నాటికి దాని కింద ఎర్రసిరాతో ఒక వాక్యం వెలిసింది: "అక్షరాలా నిజం. సిగ్గుండాలి. — వి. గ. దామ్లే."

ఎంత పొగరు! కేతకి పళ్లు నూరి ఇంకా ఘాటుగా రెండో నోటీసు వేసింది. "ఇలాంటివారిని ఇంట్లో కట్టెయ్యాలి. — దామ్లే" అని జవాబు. మూడోదానికి ఆయన స్వయంగా ప్లాస్టిక్ కవరు తొడిగి, నాలుగు మూలలా పిన్నులు గుచ్చారు, వానజల్లుకు తడవకుండా. ఇంతటి శీతల క్రౌర్యాన్ని ఆమె జన్మలో ఎరగదు. పాల ప్యాకెట్ల దగ్గర రోజూ ఎదురుపడేవారు. పాల గురించే మాట్లాడుకునేవారు. నోటీసు నడుస్తుండగా నోటితో ప్రస్తావించడం ఆచారం కాదు. ఈ విధంగా పదహారు రోజులు గడిచాయి, ఆజీ పదహారుసార్లు సాష్టాంగపడింది.

ఆ శుక్రవారం పదికి ఐదు నిమిషాలు తక్కువగా కేతకి గుండె చిక్కబట్టుకుని మొదటి ఫొటో తీసింది. సరిగ్గా పది కొట్టగానే ధిమ్మని పైకప్పు పలికింది. నాలుగో ఫొటోకి ఆజీ ఊగింది. ఐదో ఫొటోకి బోర్లా పడి ముక్కు చదును చేసుకుంది. కేతకి ఆ ముక్కును రెండు వేళ్లతో లేపి, కెమెరా వంక చూసి, గడియారం వంక చూసి, తరతరాల నాగరికతను చెప్పులతో పాటు గుమ్మంలోనే వదిలేసి, వట్టికాళ్లతో మెట్లెక్కింది.

తలుపు తెరిచే ఉంది. దామ్లే నడుస్తున్నారు.

"సబ్నీస్! మాస్కు ముక్కు మీదికి!" అన్నారు అలమారా వైపు పోతూ.

"సర్, ఒక్క నిమిషం ఆగుతారా?"

"ఆగను. పదిహేను వందల అడుగులు దాటాయి. చెప్పు, వింటూనే ఉన్నా."

"సర్, ఆ నోటీసులు..."

"చదివా! ఎవరు రాశారో గానీ కడుపు చల్లగా ఉండాలి," అన్నారు ఉయ్యాల దగ్గర తిరుగుతూ. "ఇదంతా మా పై అంతస్తు గోరేల నిర్వాకం. ఎంత తెలివైనవాళ్లంటే, నాకు ఒక్క చప్పుడు వినపడనివ్వరు!"

"గోరేలు మార్చిలోనే నాసిక్ వెళ్లిపోయారు సర్. తాళం వేసుంది."

ఆయన రెండడుగులు వేశారు. "మరి ఆ ఏనుగెవరు?"

వంటింట్లోంచి కాకూ గొంతు వచ్చింది. "మీరే. కవరు తొడిగిన రోజే చెప్పాను. హాస్యమాడుతున్నాననుకున్నారు."

"నేనా?"

"కాక నేనా? ఆ పిల్ల ఇల్లు కూలుతోంది మీ కింద."

దామ్లే ముఖం ఎర్రబడింది, పాలిపోయింది, మళ్లీ ఎర్రబడింది. కానీ కాళ్లు ఆగలేదు. "సబ్నీస్, విను. కొండ మూసిన రోజున ప్రతిజ్ఞ చేశాను. అరవై ఆరు రోజులు! ఒక్కరోజు, ఒక్కరోజంటే ఒక్కరోజు తప్పలేదు. ఎండ అనలేదు, గాలి అనలేదు..."

"హాల్లో గాలెక్కడిది, ఫ్యాను కూడా వెయ్యనివ్వరు," అంది కాకూ.

"నువ్వాగు! ఈ వయసులో నాకంటూ మిగిలింది ఈ లెక్కొక్కటి. దాన్నీ ఆపమంటావా?"

కేతకి వేళ్ల మీద లెక్క వేసింది. "సర్, అరవై ఆరు రోజుల్లో మీరు దగ్గర దగ్గర నాలుగు లక్షల అడుగులు వేశారు. మా ఆజీ ఒక్కటి వెయ్యాలి. ఒక్కటే. పదహారు రోజులనుంచి పడిపోతోంది. ఇవాళ సాయంత్రంతో అయిపోతుంది సర్. తరవాత వేసినా చూసేవాళ్లుండరు."

అప్పుడు, చూడండి, ఏ ప్రభుత్వాజ్ఞకూ, ఏ మహమ్మారికీ ఆగని ఆ పాదద్వయం అలమారాకూ ఉయ్యాలకూ నట్టనడుమ ఆగింది.

"ఎంతసేపు కావాలి?"

"ఫొటోకి మూడు నిమిషాలు. పన్నెండు ఫొటోలు. ముప్పై ఆరు నిమిషాలు మీరు కదలకుండా ఉంటే..."

"ఇంట్లో ఉంటే నా కాళ్లు నా మాట వినవు. పద, నీ గుమ్మం బయట నిలబడతా. సావధాన్‌లో."

"కుర్చీ వేస్తాను సర్."

"కుర్చీలు కడుపునొప్పని ఉత్తరాలు తెచ్చి డ్రిల్లు ఎగ్గొట్టేవాళ్లకి. ఎవరో నీకు తెలుసుగా?"

పదీ ఇరవైకి రెండో యుద్ధం మొదలైంది. లోపల కేతకి ఊపిరి బిగించి ఆజీ మోకాలు వంచుతోంది. గడప అవతల, రెండు గజాల దూరంలో, మడమలు కలిపి, ఛాతీ విరిచి, మాస్కు పైన రెండు కళ్లు మాత్రం తీక్షణంగా వెలుగుతుండగా, దామ్లే స్తంభించి నిలుచున్నారు. మూడో ఫొటోకి ఒక ఈగ ఆయన కనుబొమ మీద విడిది చేసి, నుదురంతా ప్రదక్షిణం చేసి, చెవిలో తన సందేహాలు విన్నవించుకుంది. ఆయన చలించలేదు. ఆరో ఫొటోకి మణికట్టు పట్టీ కీచుమని వణికి, చాలాసేపటిగా కూర్చునే ఉన్నారు, లేచి నాలుగడుగులు వెయ్యండని హితవు పలికింది. మహావీరుడికి ఇంతకన్నా నీచమైన నింద లేదు. ఆయన దాన్నీ మింగేశారు. పై అంతస్తులో కాకూ పోపు వేయడం మాని స్టూలు మీద కూర్చుంది. వేరుశనక్కాయలు దంచే రోలు మూగబోయింది. సుందర్ నివాస్ చరిత్రలో అంతటి నిశ్శబ్దం ఎవరైనా పోయినప్పుడు కూడా లేదు.

తొమ్మిదో ఫొటో. ఆజీ పాదం గాలిలోంచి గడప మీదికి దిగుతోంది. కేతకి దాన్ని వంచబోయింది.

"మడమ!" గుమ్మంలోంచి గర్జన వినపడింది. మాస్కు వెనక పెదవులు తప్ప మరేమీ కదల్లేదు. "వేళ్లు కాదు సబ్నీస్, మడమ ముందు! ఆరో తరగతి నుంచీ చెబుతున్నా!"

ఆమె చేయి ఆగింది. మడమ దించింది. ఆజీ ఒళ్లంతా ఒక్కసారిగా బరువెక్కి, నిజంగానే అరవై కోసులు నడిచొచ్చినట్టు నిలబడింది. పదో ఫొటో. పదకొండోది. ఎండ కిటికీ చువ్వల మీదికి ఎగబాకింది. పది యాభై ఆరుకి పన్నెండోది.

కేతకి కంప్యూటర్ని గడప దాకా మోసుకొచ్చి ఆయనవైపు తిప్పింది. తెరమీద ఆజీ కాలెత్తింది, గడప మీద పెట్టింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది సర్."

"దీనికా పదహారు రోజులు?"

"అవును సర్."

"మళ్లీ వెయ్యి."

మళ్లీ వేసింది. "మళ్లీ," అన్నారు. కాకూ మెట్ల మధ్యదాకా దిగొచ్చి, కమ్మీ మీదుగా వంగి చూసింది. పదకొండుసార్లు చూశాక దామ్లే గొంతు సవరించుకుని, "చెడ్డగా లేదు," అన్నారు.

"అమ్మా కేతకీ, అదృష్టవంతురాలివే," అంది కాకూ. "పెళ్లిచూపుల్లో నన్ను చూసి ఈ మాట అనడానికి వారం పట్టింది ఈయనకి."

ఆయన వినిపించుకోలేదు. పదకొండు కావస్తోంది, భోజనం వేళ. ఆరు వేలకు నాలుగున్నర వేలు బాకీ. అరవై ఆరు రోజుల వ్రతం అరవై ఏడో నాటికి భంగమైందని ఆయనకు తెలుసు. అయినా మెట్లు ఎక్కేటప్పుడు మునివేళ్ల మీద ఎక్కారు.

నగరమంతా తెరల ముందు కూర్చుని ఒకరికొకరు "వినపడుతోందా" అని అరుచుకుంటున్నందున సినిమా ఇంటర్నెట్‌లో చీమ నడకన బయల్దేరి, సాయంత్రం ఐదూ నలభై ఎనిమిదికి చిత్రోత్సవానికి చేరింది. ఆరింటికి కేతకి సబ్బులవాళ్లకు ఫోన్ చేసి, సోమవారం రానని చెప్పింది.

కాబట్టి దిక్పాలకులారా, వినండి! దేశాలు తలుపులు మూసుకున్న కాలంలో, సదాశివ పేఠలో, ఒక డ్రిల్లు మాస్టారు నిలబడ్డందువల్ల ఒక మట్టి ముసలమ్మ నడిచింది. ఎంత దూరమంటారా? అంగుళమున్నర. ఎంతసేపంటారా? ఒక సెకను. మడమ ముందు పడింది.