సీనియర్లు ఆఖర్న ఎక్కాలి

"సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు టార్పెడో లోతు పెంచి వదలాల! పైపైన వదిల్తే అల ఎత్తేసి గురి తప్పిచ్చేద్ది. ఇది ఉప్పునీళ్ళు తాగినోడికే తెలుస్తాది!"

తిరుమలరావు ఈ మహా ప్రకటన గోపాలపట్నంలో, ఫ్యాను కింద మఠం వేసుక్కూర్చుని చేశాడు. సబ్‌మెరైన్ గేమ్ ఆడేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆయన 'కమాండర్'. నేవీలో రిటైరయ్యానని చెప్పుకున్నాడు. నిజానికి సిమెంటు గోడౌన్లో గుమస్తా. సముద్రంతో పరిచయమంతా బీచ్‌రోడ్డులో మురీ మిక్స్చర్ పొట్లం దాకానే. ఉయ్యాలబల్ల ఊగినా ఆయనకు కడుపులో తిప్పుతుంది.

గ్రూపులో రమణమూర్తి అని ఇంకో 'కమాండర్' తయారయ్యాడు. గొడవ ముదిరింది. ఫిషింగ్ హార్బర్లో బోటున్న అప్పలరాజు తీర్పు చెప్పాడు: "ఆదివారం నా బోటు మీదకి రండి. నడి సముద్రంలో నిలబడి మాటాడినోళ్ళే మన కమాండర్. రెండోవోళ్ళు ఆ పేరు తీసేసుకోవాల."

ఆదివారం ఇద్దరూ తెల్లబట్టల్లో హార్బర్లో దిగారు. తిరుమలరావు భార్య గౌరీశ్వరి కూడా వచ్చింది. అలలకు బోటు ఎగిరెగిరి పడుతోంది. చూస్తేనే తిరుమలరావుకు వాంతొచ్చేలా నోట్లో నీళ్ళూరాయి. ఏదో వీడియోలో చూసిన నేవీ మర్యాద సమయానికి దేవుడిలా గుర్తొచ్చింది.

"రూలు రూలే! ఎక్కేటప్పుడు జూనియర్లు ముందు, సీనియర్లు ఆఖర్న. దిగేటప్పుడు సీనియర్లు ముందు. ఎక్కండి రమణమూర్తి గారూ!"

"నాను మీకు సీనియర్నండీ. కెప్టెన్‌గా రిటైరయ్యాను. మీరే ఎక్కండి."

"నాను కమొడోర్‌ని! గొప్పలెందుకని సెప్పలేదు."

"మరి నాను రియర్ అడ్మిరల్‌ని!"

"నాను వైస్ అడ్మిరల్‌ని!"

టీ చల్లారేలోగా గట్టు మీద దేశానికి సరిపడా అడ్మిరల్స్ పుట్టుకొచ్చారు! ఒక్క కాలూ గట్టు దాటలేదు.

"నాకే ర్యాంకూ నేదు. అయితే ముందు నానే ఎక్కాల కదా?" అని గౌరీశ్వరి కుచ్చిళ్ళు దోపుకుని ఒక్క అంగలో బోటెక్కేసింది. "పోనీ తమ్ముడూ! ఈళ్ళ ప్రమోషన్లు అయ్యేసరికి పొద్దుగూకిపోద్ది."

బోటు వెళ్ళిపోయింది. అడ్మిరల్స్ ఇద్దరూ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నారు.

"తమరిక్కూడా తిప్పుద్దేటండీ?" రమణమూర్తి గుసగుసలాడాడు.

"బకెట్లో నీళ్ళు ఊగినా తిప్పుద్ది బావా."

బావలిద్దరూ కలిసి గ్రూపులో పెట్టారు: 'వాతావరణం దృష్ట్యా ఆపరేషన్ ఒడ్డు నుంచే నడిపించాం.' దాని కిందే అప్పలరాజు పంపిన వీడియో వచ్చిపడింది. బోటు ముందు కొసన తుంపర్లలో తడుస్తూ గౌరీశ్వరి నిలబడి చెబుతోంది: "టార్పెడోలేటో నాకు తెల్దు గానీ, గాలి బలే హాయిగా ఉందర్రా!"

బోటు తిరిగొచ్చింది. కళాసీలు దిగబోతుంటే అప్పలరాజు చెయ్యడ్డం పెట్టాడు.

"ఆగండ్రా! రూలు రూలే. సీనియర్లు ముందు దిగాల. దిగండి, కమాండరమ్మా!"

గట్టు మీద అడ్మిరల్స్ ఇద్దరూ ఉలిక్కిపడి సెల్యూట్ కొట్టారు. ఎడం చేత్తో.